ఎడమవైపు నాది

టార్పాలిను లాగేసరికి దాని మీద పేరుకున్న దుమ్మంతా టీచరమ్మ నెత్తినే పడింది. ఆవిడ దులుపుకోలేదు. ముందు నాలుగు టైర్లూ చూసింది. తర్వాత వంగి వ్యాను కింద నేల చూసింది. నూనె కారిన మరక ఒక్కటీ లేదు. లేచి నిలబడి బానెట్ మీద అరచేత్తో రెండుసార్లు తట్టింది.

"బుద్ధిగానే ఉంది మా కోడలు," అంది.

షెడ్డాయన టార్పాలిను మడతపెడుతూ నవ్వాడు. "కొడుకు లేకుండానే కోడలొచ్చిందా అమ్మా మీకు?"

"అందుకేగా ఇంత మంచి కోడలు దొరికింది."

దేశాలు తిరిగే పిచ్చి ఉన్నవాళ్ళు తమ బండ్లని దాచుకునే షెడ్డు అది. రేకుల కప్పు కింద ఏ దేశపు నంబరు ప్లేటు కావాలంటే అది కనపడుతుంది. టీచరమ్మా, ఆవిడ భర్తా ఏడాదికోసారి విమానంలో వచ్చి వ్యాను బయటికి తీస్తారు. కొన్ని నెలలు ఈ దేశం, ఆ దేశం అని తిరిగి, మళ్ళీ ఎక్కడో ఒక షెడ్డులో పెట్టి ఇంటికి వెళ్ళిపోతారు. వ్యాను వెనక భాగంలో మడత మంచం, చిన్న స్టవ్వు, గిన్నెలు చప్పుడు చేయకుండా గోడకి కట్టిన గుడ్డ సంచులు. ఆవిడ ఆడవాళ్ళకి కారు నేర్పే స్కూలు నడిపేది. అది మూసేసి, వచ్చిందంతా పోసి కొనుక్కున్న బండి ఇది. రిజిస్ట్రేషను రోజున ఆవిడ బయట టైర్లలో గాలి చూసుకుంటుంటే, లోపల గుమస్తా ఎవరి పేరు మీద అని అడిగాడు. భర్త తన పేరు చెప్పాడు. ఇంట్లో గ్యాసు దగ్గర్నుంచి కరెంటు దాకా అన్నీ ఆ పేరు మీదే ఉన్నాయి గనక ఆయనకి ఇంకో పేరు తట్టలేదు. ఆవిడకీ అది తప్పుగా తోచలేదు.

ఇప్పుడాయన బ్యాటరీ బిగిస్తున్నాడు. మందుల షాపు నడిపిన మనిషి. సీసా మీద ఆవగింజంత అక్షరాల్లో ఉన్న గడువు తేదీని కళ్ళజోడు లేకుండా చదివి చెప్పేవాడు. స్పానరు నట్టు మీద పడాల్సింది పక్కన పడింది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ పక్కనే పడింది. ఈసారి ఎడమచేతి వేలితో నట్టుని తడుముకుని, ఆ వేలి వెంబడే స్పానరు జరిపి బిగించాడు.

టీచరమ్మ చూసింది. 

"బండికి కస్టమ్స్ వాళ్ళిచ్చిన కాగితం గడువు శుక్రవారంతో అయిపోతోంది," అన్నాడు షెడ్డాయన. "ఈసారి ఇంత ఆలస్యం చేశారేమిటమ్మా?"

"నన్నడుగుతావేం? ఈయన్నడుగు. ఇదిగో అదిగో అంటూ టిక్కెట్లు వాయిదా వేసుకుంటూ వచ్చారు."

ఆయన బ్యాటరీ మీదనుంచి తల ఎత్తలేదు. "మనిషికి పనులుండవా?" అన్నాడు.

"ఉంటే ఉన్నాయిగానీ అయ్యగారూ, శుక్రవారం సాయంత్రం సరిహద్దు గేటు మూసేలోగా బండి బయటపడాలి. పడలేదా, సర్కారు పట్టుకుపోతుంది. ఇంకో మాట. బండి తెచ్చినాయనగా కాగితంలో ఉన్నది మీ పేరొక్కటే. మీరు తప్ప ఇంకెవరూ నడపకూడదు. పోయినేడు ఇక్కడే నీలం వ్యాను ఒకటుండేది చూడండి. ఆయనకి జ్వరమొచ్చిందని వాళ్ళావిడ నడిపింది. చెక్‌పోస్టులో పట్టుకున్నారు. మొగుడూ పెళ్ళాలమన్నా వినలేదు. వేలం వేసేశారు బండిని. ఆవిడ ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది."

"మరి నా పేరు కూడా చేర్చమంటే?" అంది టీచరమ్మ.

"ఇక్కడ చేర్చరమ్మా. గేటు దాటి అవతలి దేశంలోకి వెళ్ళాలి. మళ్ళీ ఎక్కడైనా లోపలికి వచ్చేటప్పుడు కొత్త కాగితం రాయిస్తారు కదా, అప్పుడు ఎంతమంది పేర్లు కావాలంటే అన్ని."

మిగతా దేశాల్లో ఎవరూ ఇంత పట్టించుకోలేదు. అక్కడ ఇద్దరూ నడిపేవాళ్ళు, నిజం చెప్పాలంటే ఎక్కువగా ఆవిడే. ఇక్కడ మాత్రం ఆవిడ ఎడమసీట్లో కూర్చోవాల్సిందే. దానికో చిక్కుంది. ఈ దేశంలో బండ్లు రోడ్డుకి కుడివైపున నడుస్తాయి. ఇక్కడి బండ్లకి స్టీరింగు ఎడమవైపు ఉంటే, వీళ్ళ వ్యానుకి కుడివైపు. నడిపే మనిషి రోడ్డంచున కూర్చుంటాడు, ఎదురొచ్చేది ముందుగా పక్కసీటు వాళ్ళకే కనపడుతుంది. ముందున్న లారీని దాటాలంటే పక్కసీటు నుంచి "ఖాళీ" అని వినపడాలి.

షెడ్డు గేటు దాటుతుండగా ఎడమ అద్దం స్తంభానికి తగిలి టపీమని మూసుకుపోయింది.

"ఇరుకు గేటు," అన్నాడాయన.

లారీ పట్టే గేటు అది. టీచరమ్మ కిటికీలోంచి చెయ్యి చాపి అద్దాన్ని మళ్ళీ బయటికి లాగింది. ఆ సాయంత్రం పెట్రోలు బంకు వెనక వ్యాను ఆపేదాకా ఆవిడ కుడికాలు ఒక్క క్షణం తీరిగ్గా లేదు. స్కూలు కారులో ఆవిడ వైపు కూడా ఒక బ్రేకు ఉండేది. ఇక్కడ ఉత్త రబ్బరు చాప. దాన్నే తొక్కుతూ కూర్చుంది.

*

స్కూల్లో ఆవిడకో పద్ధతి ఉండేది. కొత్తగా చేరిన అమ్మాయిని వెంటనే స్టీరింగు ముట్టుకోనిచ్చేది కాదు. కుర్చీలో కూర్చోబెట్టి ఎదురుగా గోడని చూడమనేది. తను వెనక నిలబడి, చెవి పక్కనుంచి చేతిని మెల్లగా ముందుకి తెచ్చేది. చెయ్యి ఎప్పుడు కనపడితే అప్పుడు చెప్పాలి. చెప్పలేకపోతే, ఎంత బతిమాలినా, "ముందు కళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళి రామ్మా" అని పంపేసేది.

గురువారం పొద్దున్న ఆయన వ్యాను మెట్టు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. టీచరమ్మ వెనక నిలబడింది. ఎడమ చెవి పక్కనుంచి చెయ్యి ముందుకు తెచ్చింది. చెంప దాటింది. ముక్కు దాకా వచ్చింది. ఆయన గ్లాసులోకి ఉఫ్ ఉఫ్ అని ఊదుకుంటూనే ఉన్నాడు. ఆవిడ వేళ్ళు ఆడించింది. ఆయన ఇంకో గుక్క తాగాడు.

చెయ్యి వెనక్కి తీసుకోవడానికి కూడా ఆవిడకి ఓపిక లేకపోయింది.  ఆ చెయ్యి అలాగే ఆయన భుజం మీద వాలింది. ఆయన ఉలిక్కిపడ్డాడు, టీ ఒలికింది.

"ఎప్పట్నుంచి?" అందావిడ.

ఆయన బొంకడానికి మొహం అటు తిప్పి, మళ్ళీ ఇటు తిప్పాడు. "రెణ్ణెల్లయింది," అన్నాడు.

"డాక్టరేమన్నాడు?"

"నరం ఎండిపోయిందన్నాడు. ఎడమది ఇక రాదట. కుడిది బాగానే ఉంది."

"అందుకేనా టిక్కెట్లు వాయిదా వేసింది? చుక్కల మందు వేసుకుంటుంటే దుమ్ము పడిందన్నారు. నేనూ నమ్మాను, గుడ్డిదాన్ని."

"గుడ్డివాణ్ణి నేనైతే ఆ మాట నువ్వెందుకు అనుకుంటావు?" అని ఆయన నవ్వబోయాడు. ఆవిడ నవ్వలేదు.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నన్ను స్టీరింగు పట్టుకోనిస్తావా? నేను పట్టుకోకపోతే కోడలు ఈ దేశంలోంచి బయటపడుతుందా? నా పేరే గదా రాసుకొచ్చింది. ఎలాగోలా రెండ్రోజులు నెట్టుకొస్తే చాలనుకున్నాను. నిన్న ఆ స్తంభం తగిలాక నాకే భయమేసింది. వదిలేద్దాం. ప్రాణాల కన్నా ఎక్కువా?"

ఆవిడ షెడ్డాయనకి ఫోను చేసింది. లారీ మీద ఎక్కించి గేటు దాకా తీసుకెళ్తే కుదరదా అని అడిగింది. చెడిపోయిన బండే అలా వెళ్ళాలనీ, చెడిపోయిందని కస్టమ్స్ మనిషి వచ్చి చూసి రాయాలనీ, ఆయన రావడానికి వారం పడుతుందనీ అతను చెప్పాడు. ఫోను పెట్టేసి ఆవిడ వ్యాను చుట్టూ ఒకసారి తిరిగింది. టైర్లు తట్టడం, గాలి చూడటం, అద్దం తుడవడం, ఈ చేతులకి ముప్పై ఏళ్ళుగా తెలిసిన పనులు. వెనక్కి వచ్చి ఆయన ముందు నిలబడింది.

"ఎడమవైపు నాది. కుడివైపు మీది. నేను చెప్పినట్టు నడపండి. నేను ఆపమంటే ఎందుకని అడక్కుండా ఆపెయ్యండి."

"కన్ను సరిగా లేని పిల్లని గుమ్మంలోంచే పంపేసేదానివి నువ్వు."

"అది స్కూలు."

"మరి ఇది?"

"ఇది నా బండి!"

అనేశాక ఆవిడకే ఆశ్చర్యమేసింది. ఇన్నేళ్ళలో ఆ మాట పైకి అనడం అదే మొదలు. ఎప్పుడైనా మన బండి అనేది, అధికారులు అడిగితే మా వారి బండి అనేది. ఆయన తల వంచుకుని గ్లాసు కడిగి సంచిలో పెట్టాడు. తర్వాత కుడివైపు తలుపు తీసి ఎక్కి కూర్చున్నాడు.

*

గురువారమంతా ఆవిడ గొంతు మీదే బండి నడిచింది.

"ఎడమ సైకిలు. పక్కకి జరిగాడు. పోనీయండి. ఎదర లారీ, ఇంకా దూరం. ఆగండి, ఆగండి, తొందరేం లేదు. ఇప్పుడు ఖాళీ. మూడో గేరు. బ్రేకు మీద కాలుంచండి, అక్కడ మలుపుంది."

ఒంటికన్నుతో దూరాలు మోసం చేస్తాయని ఆవిడకి తెలుసు. అందుకని దూరాలు కూడా తనే చెప్పింది. "ఇంకా రెండు బస్సులంత దూరం. ఇప్పుడు ఒక బస్సంత. ఇక తొక్కండి." ఆయన తొక్కేవాడు. ముందున్న బండికి జానెడు దూరంలో ఆగినప్పుడు ఆయన నుదుటి మీద చెమట పట్టేది, ఆవిడ చేతి రుమాలు ఇచ్చేది.  మధ్యాహ్నానికి ఆవిడ గొంతు బొంగురుపోయింది. నీళ్ళు తాగడానికి తల ఎత్తితే ఆ రెండు క్షణాలు ఎడమవైపు దిక్కులేకుండా పోతుందని నీళ్ళు కూడా మానేసింది.

ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పోతున్నామని ఇద్దరికీ తెలుసు. ఆ ప్రాణాలు తమవేనని ఆవిడ సర్దిచెప్పుకుంది. రోడ్డు మీద ఇంకా మనుషులున్నారన్న సంగతి ఆలోచన దాకా రానివ్వలేదు.

శుక్రవారం పొద్దున్న సన్నగా వాన మొదలైంది. కానీ రోడ్డు వెడల్పయింది, మధ్యలో డివైడరు వచ్చింది. ఎదురొచ్చే బండి లేదు గనక ఆయన చెయ్యి కాస్త కుదురుకుంది. టీచరమ్మ మనసు కూడా మెత్తబడింది. గేటు దాటగానే టీ తాగుదామంది. అవతలి దేశంలో ఆయన కాళ్ళు చాపుకుని ఎడమసీట్లో నిద్రపోవచ్చంది. "నువ్వు నడుపుతుంటే నిద్రెలా పడుతుంది, క్లచ్చు క్లచ్చు అని అరుస్తావుగా," అన్నాడాయన. ఆ మాటకి ఆవిడకి నవ్వొచ్చింది. నవ్వుతూనే, గేటు ఇంకెంత దూరమో చూద్దామని ఒళ్ళో ఉన్న ఫోను మీదికి తల వంచింది.

లారీని దాటడానికి ఆయన అప్పుడే డివైడరు వైపు జరిగాడు.

టక్కుమని చప్పుడైంది. పెద్దదేమీ కాదు, కర్ర విరిగిన చప్పుడు. ఆవిడ తల ఎత్తేసరికి ఎడమ అద్దంలో పసుపుపచ్చ కోటు ఒకటి నేల మీద దొర్లుతోంది.

"ఆపండి!" అని అరిచింది. అప్పటికే ఆలస్యమైంది.

ఆవిడ వ్యాను పూర్తిగా ఆగకముందే దిగి వెనక్కి పరిగెత్తింది. డివైడరు వార రోడ్డు ఊడ్చే ఆవిడ. తన వయసే ఉంటుంది. పొడుగు కర్ర చీపురు రెండు ముక్కలై పడుంది. ఆమె మోచేతి మీద లేచి కూర్చుంటూ, తడి కోటుకి అంటిన మట్టి దులుపుకుంటోంది. టీచరమ్మ ఆమె చేతులూ కాళ్ళూ తడిమింది. అరచెయ్యి గీరుకుపోయింది. ఇంకేమీ లేదు. చక్రం చీపురునే తొక్కింది, దాన్ని పట్టుకున్న చేతిని తొక్కలేదు.

"దెబ్బ ఎక్కడ తగిలింది? నొప్పిగా ఉందా? డాక్టరు దగ్గరికి పోదాం పద."

"ఏం లేదమ్మా, ఏం లేదు. నేనే చూసుకోలేదు," అంది ఆమె గబగబా. "బండి వస్తుంటే పక్కకి జరగాలి. తప్పు నాదేనమ్మా. మా మేస్త్రీకి మాత్రం చెప్పకండి. చీపురు విరగ్గొట్టానంటే పన్లోంచి తీసేస్తాడు."

 చెంప మీద కొట్టినా బాగుండేదనిపించింది టీచరమ్మకి. ఆమె లేచి చీపురు ముక్కలు రెండూ ఏరుకుంది. కుచ్చు ఉన్న పొట్టి ముక్కని పట్టుకుని, నడుము వంచి, ఎక్కడ ఆపిందో అక్కడినుంచే మళ్ళీ ఊడవడం మొదలుపెట్టింది. వీళ్ళు వెళ్ళిపోతే చాలన్నట్టు తల కూడా ఎత్తలేదు. టీచరమ్మ పర్సులో చేతికొచ్చినంత తీసి ఆమె కోటు జేబులో కుక్కింది. అలా కుక్కినందుకు ఇంకా సిగ్గేసింది.

వెనక్కి వచ్చేసరికి ఆయన స్టీరింగు మీద తల ఆనించుకుని ఉన్నాడు.

"నాకు కనపడలేదు," అన్నాడు.

"మీకు కనపడదని నాకు తెలుసు. చూడాల్సింది నేను. జరగండి."

"చెక్‌పోస్టుంది ముందు."

"ఉండనీండి. ఇటు దిగి అటు ఎక్కండి."

*

చేతులు స్టీరింగు మీద పడగానే ఒళ్ళు తేలికపడాలి. ఈసారి పడలేదు. వాన పెరిగింది. వైపరు తిరిగిన ప్రతిసారీ ఆవిడకి పసుపుపచ్చ కోటు కనపడుతూనే ఉంది. చెక్‌పోస్టు ముందర బండ్లు బారు తీరాయి. పక్కకి తప్పుకోవడానికి దారి లేదు. ఒక్కో బండీ కదిలిన కొద్దీ ఆవిడా వ్యానుని ముందుకి జరుపుతోంది.

"అయిపోయింది," అన్నాడాయన మెల్లగా.

రెయిన్‌కోటు వేసుకున్న పోలీసు ఒకడు తల వంచుకుని పరిగెత్తుకొచ్చాడు. వచ్చి ఎడమ కిటికీ కొట్టాడు. వాళ్ళ దేశంలో నడిపేవాడు కూర్చునేది ఆ వైపే మరి. ఆయన అద్దం దించి కాగితం అందించాడు. పోలీసు దాన్ని కోటు అంచు కింద పట్టుకుని చదివాడు, లోపలికి తొంగిచూసి ఆయన మొహంతో ఫొటో సరిచూసుకున్నాడు. వాన అతని కళ్ళలోకి కొడుతోంది.

"మీరేనా?"

"నేనే," అన్నాడాయన.

"ఈవిడ?"

"మా ఆవిడ."

టీచరమ్మ స్టీరింగు మీదనుంచి చేతులు జార్చి ఒళ్ళో పెట్టుకుంది.  "ఇవాళే ఆఖరు రోజు. త్వరగా పోండి," అని పోలీసు కాగితం వెనక్కిచ్చి, వెనకున్న లారీ వైపు పరిగెత్తాడు.

రోడ్డు మలుపు తిరిగేదాకా ఇద్దరూ శిలాప్రతిమల్లా కూర్చున్నారు. తిరిగాక ఆయనకి ముందు నవ్వొచ్చింది. తర్వాత ఆవిడకి. ఆపుకోలేక, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వారు.

"ఖాళీ సీటుని చూసి కూడా డ్రైవరే అనుకునే దేశం ఇది," అన్నాడాయన.

"మీరు కూర్చున్న సీటు ఖాళీ ఏంటండీ, కుంభకర్ణుడిలా కనపడుతుంటే."

ఇక గేటొక్కటే మిగిలింది. తను అదృష్టవంతురాలినని ఆవిడ నిజంగానే నమ్మింది ఆ కాసేపు.

*

గేటు దగ్గర అధికారి కుర్రవాడేం కాదు. కణతల దగ్గర నెరిసింది. షెడ్డు కింద బల్ల వేసుకుని కూర్చుని ఒక్కో కాగితం నింపాదిగా చూస్తున్నాడు. కాగితం మీద ఇవాల్టి తేదీ చూసి, "సరిగ్గా వేళకొచ్చారు," అన్నాడు మంచిగానే. "బండి కింద చెక్కిన చాసిస్ నంబరు చూస్తే అయిపోతుంది. ఆ తనిఖీ గోతి మీదికి ఎక్కించండి. కాగితంలో పేరున్న మనిషే ఎక్కించాలి. మిగతావాళ్ళు ఇక్కడే ఉండాలి."

గోయి అంటే సిమెంటు కాలువ. దానికి అటూ ఇటూ చక్రాలు పట్టేంత ఇనప పట్టాలు. లోపల ఒక పనివాడు టార్చి పట్టుకుని నిలబడి ఉన్నాడు. పట్టాల మధ్య అతని తల, భుజాలు కనపడుతున్నాయి. గోయి దాటగానే రోడ్డు అవతలి దేశపు గేటు దాకా పోతుంది. ఆ రోడ్డు నిండా మూటలు మోసుకుంటూ, పిల్లల్ని ఎత్తుకుని, గొడుగులు పట్టుకుని నడిచిపోయే జనం.

టీచరమ్మ భర్త వైపు చూసింది. ఆయన చెయ్యి చాపాడు. "తాళం చెవి ఇవ్వు. ఇంతదూరం వచ్చాక ఈ పదడుగులు నేను ఎక్కించలేనా?"

ఆవిడ ఇచ్చింది. ఇవ్వకుండా ఉండాల్సింది, ఇచ్చింది. కోడలు కళ్ళెదురుగా ఉంది, అవతలి గేటు కళ్ళెదురుగా ఉంది. ఆశ చెడ్డది.

ఆయన ఎక్కి స్టార్టు చేశాడు. వ్యాను మెల్లగా కదిలింది. కుడి చక్రం పట్టా బయటి అంచు మీదికి ఎక్కింది. ఎడమ చక్రం పట్టాకి బెత్తెడు లోపలగా, గోతి అంచు వైపు పోతోంది. ఎడమవైపు ఎవరూ లేరు చెప్పడానికి. గోతిలో పనివాడు టార్చి పైకెత్తి, "రానీ, రానీ," అంటున్నాడు. వచ్చేవాడికి తను కనపడుతున్నాననే అతని ధీమా.

టీచరమ్మ రెండు చేతులూ పైకెత్తి వ్యానుకి ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"ఆపండి!"

ఆయన ఎందుకని అడక్కుండా ఆపేశాడు.

"ఏమ్మా, ఏమైంది?" అని అధికారి లేచి వచ్చాడు.

"ఆయనకి ఎడమ కన్ను కనపడదండీ. చెక్‌పోస్టు అవతలి నుంచి ఇక్కడిదాకా బండి నడిపింది నేను."

షెడ్డు కింద ఉన్నవాళ్ళంతా ఇటు తిరిగారు. అధికారి చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు. "మీరన్నది నాకు వినపడలేదనుకుంటాను. నాకూ అమ్మ ఉంది. ఒక పని చెయ్యండి. గోతిలో మనిషిని బయటికి రమ్మంటాను. మీవారిని నెమ్మదిగా ఎక్కించమనండి. నంబరు చూసి స్టాంపు వేసేస్తాను. ఆ రోడ్డు వెంట కాసేపు పోతే మీ బండి మీది."

"ఆ కాసేపూ నన్ను నడపనిస్తారా?"

"అదెలా కుదురుతుందమ్మా? ఇంతమంది చూస్తున్నారు. కాగితంలో మీరు లేరు. ఆయనే నడపాలి."

ఆవిడ ఆ రోడ్డు వైపు చూసింది. నెత్తిన మూటతో ఒక ముసలమ్మ, బండ్లు వచ్చే వైపు వీపు పెట్టి నడిచిపోతోంది. తగిలితే ఆమె కూడా తప్పు నాదే అంటుందేమో. కింద పడ్డవాళ్ళ చేత క్షమాపణ చెప్పించుకుంటూ అవతలికి పోవాలి.  ముప్పై ఏళ్ళు తను నేర్పిన చదువంతా ఈ మూడు రోజుల్లో తనే చెత్తబుట్టలో పారేసింది. ఇక చాలు.

"వద్దండీ," అంది. "రాసుకోండి."

"బాగా ఆలోచించుకున్నారా? రాశానంటే బండి ఇక్కడే ఉండిపోతుంది. మీరు పైకి అర్జీ పెట్టుకోవచ్చుగానీ, వచ్చిన బండిని నేనింతవరకు చూడలేదు."

"తెలుసు. రాసుకోండి."

ఆయన వ్యాను దిగి వచ్చాడు. "పిచ్చా నీకు? ఆయన పోనిస్తానంటుంటే! నీ స్కూలమ్మి కొన్న బండి అది!"

"నాది గనకే అంటున్నానండీ," అంది టీచరమ్మ. ఆయన ఇంకేదో అనబోయి ఆవిడ మొహం చూశాడు. తాళం చెవి ఆవిడ చేతిలో పెట్టాడు.

అధికారి నిట్టూర్చాడు. గోడ పక్కన రెండు లారీల మధ్యన ఉన్న సందు చూపించాడు. "అక్కడ పెట్టండి. మీరే పెట్టండి, ఇక నడిపింది మీరేగా."

ఆవిడ వ్యానుని పట్టాల మీదనుంచి వెనక్కి తీసింది. ఒక్కసారి ముందుకి, ఒక్కసారి వెనక్కి. రెండు లారీలకీ సమానమైన దూరం వదిలి, చక్రాలు తిన్నగా చేసి నిలిపింది. హ్యాండుబ్రేకు వేసింది. వెనక సంచుల్లో గిన్నెలు ఒకసారి చిన్నగా కదిలి ఊరుకున్నాయి. స్టీరింగు మీద నుదురు ఆనించి ఏడ్చింది. ఎవరూ పిలవలేదు. ఏడవడం అయ్యాక దిగి, బట్టల సంచులు రెండు తీసుకుని, తలుపు వేసి వచ్చింది.

బల్ల దగ్గర అధికారి జప్తు కాగితం రాస్తున్నాడు. బండి నంబరు రాశాడు. పాత కాగితం చూసి యజమానిగా టీచరమ్మ భర్త పేరు రాశాడు. తర్వాత కలం ఆపి తల ఎత్తాడు.

"నడిపినవాళ్ళ పేరు?"

అలవాటు చొప్పున జవాబు చెప్పడానికి ఆయన నోరు తెరిచాడు. మళ్ళీ తనే మూసుకున్నాడు. టీచరమ్మ ముందుకి వచ్చి తన పేరు చెప్పింది. అధికారి రాసుకుని, సంతకం కోసం కాగితం ఆవిడ వైపు తిప్పాడు. ఆవిడ పైనుంచి కింద దాకా చదివింది. బండి నంబరు కింద తన పేరు. ఈ బండికి సంబంధించిన కాగితం మీద ఆ పేరు పడటం ఇదే మొదటిసారి. ఈ బండికి ఇదే ఆఖరి కాగితం కూడా.

సంతకం చేసింది.

"దీన్లో నాకొకటి ఇస్తారా?" అని అడిగింది.

"ఇస్తామమ్మా. ఒకటి మీకే."

ఆయన అన్ని కాగితాలూ పెట్టుకునే సంచి తెరిచి పట్టుకున్నాడు. టీచరమ్మ దాన్ని అందులో వేయలేదు. నాలుగు మడతలు పెట్టి తన చేతిసంచిలో పెట్టుకుంది. బట్టల సంచి ఒకటి ఆయనకిచ్చి, ఇంకొకటి భుజాన వేసుకుని, ఆయన ఎడమచెయ్యి పట్టుకుని, నడిచిపోయే జనంలో కలిసింది.